పక్కింటి బోరు బాగుంది, మాది ఎందుకిలా?

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. బ్యాంకు ఉద్యోగిని. ఆర్నెల్ల కిందట పశ్చిమ బెంగాల్ నదియా జిల్లా చాక్‌దహాకు బదిలీ అయింది. భార్య, నాలుగేళ్ల పాపతో అద్దె ఇంట్లో ఉంటున్నాం. పెరట్లో చేతిపంపు ఉంది, లోతు 90 అడుగులని ఇంటాయన చెప్పారు. కొట్టినప్పుడు నీళ్లు తేటగానే ఉంటాయి. గంట తిరిగేసరికి పసుపురంగుకు మారి బిందె అడుగున తుప్పులాంటి మడ్డి దిగుతుంది. టీ పెడితే నల్లగా అవుతోంది. వీధి చివర ఒక పంపుకు ఎర్రరంగు పూశారు, ఆర్సెనిక్ అనే విషం ఉందని గుర్తట. పక్కింటివాళ్ల బోరు మాత్రం పరీక్షలో బాగుందని తేలిందట. మా పంపుకూ దానికీ మధ్య యాభై అడుగులు కూడా లేవు. భూమిలో నీళ్లు ఒకటే కదా, ఇదెలా సాధ్యం? ఎక్కడో ఫ్యాక్టరీ నుంచి వస్తోందని కొందరంటున్నారు. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ నీళ్లు చూసినవాణ్ణి, అందుకే భయంగా ఉంది. కాచి తాగితే సరిపోతుందా? ఇంకా లోతుకు బోరు వేయించమని ఇంటాయనను అడగమంటారా? బాగున్న పక్కింటి బోరులోకి రేపు ఆ విషం పాకదని నమ్మకం ఏమిటి?

సమాధానం: ముందు చేయాల్సింది చెప్తాను, కారణాలు తర్వాత. ఇవాళ్టి నుంచే ఆ పంపు నీళ్లు తాగడానికీ వంటకూ వాడటం ఆపండి. స్నానానికి, బట్టలకు, గిన్నెలు తోముకోవడానికి ఫర్వాలేదు, చర్మం గుండా ఆర్సెనిక్ ఒంట్లోకి వెళ్లేది చాలా తక్కువ. కాచడం వల్ల మేలు లేదు సరికదా, కాస్త కీడు కూడా. ఆవిరైపోయేది నీరు, ఆర్సెనిక్ గిన్నెలోనే ఉండి చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు, యూవీ దీపం క్రిముల కోసం పెట్టినవి, వాటితో దీనికి పనిలేదు. పంపు నీళ్లలో ఆర్సెనిక్ ఉందని నేను తీర్పు చెప్పడం లేదు. ఉండటానికి వీలైన లక్షణాలు మాత్రం మీ ఉత్తరం నిండా ఉన్నాయి. పరీక్ష ఫలితం వచ్చేదాకా పాప చేత ఆ నీళ్లు తాగించవద్దు.

ఆర్నెల్లు తాగేశామే అని కంగారుపడకండి. ఒంట్లో చేరిన ఆర్సెనిక్‌లో చాలా భాగం తాగడం ఆపిన కొద్దిరోజుల్లోనే మూత్రంలో పోతుంది. అరచేతుల్లో, అరికాళ్లలో గట్టిపడిన పొక్కులు, ఛాతీ మీద చినుకులు పడ్డట్టుండే మచ్చలు, ఆపైన చర్మం, ఊపిరితిత్తులు, మూత్రాశయాల కేన్సర్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లకు వస్తాయి. ఆ మచ్చలతో వచ్చిన పల్లెటూరి రోగులను చూసి 1983లో కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లోని చర్మవైద్యుడు కె.సి. సాహా వాళ్లు తాగే బోరు నీళ్ల మీదికి దృష్టి మళ్లించారు. మీరున్న ప్రాంతపు ఆర్సెనిక్ గొడవ లోకానికి తెలిసింది అక్కడి నుంచే.

ఇక ఫ్యాక్టరీ మాట. గంగ, బ్రహ్మపుత్రల ఒండ్రు మేటల్లో ఉన్న ఆర్సెనిక్‌కు ఫ్యాక్టరీతో సంబంధం లేదు. అది హిమాలయాల రాళ్లలోది. రాళ్లు అరిగి ఇసుక, ఒండ్రు అయి నదుల్లో కొట్టుకొచ్చేటప్పుడు అందులోని ఇనుము గాలి తగిలి తుప్పు పడుతుంది. అక్షింతలకు పసుపు పట్టినట్టు ఆ తుప్పు ప్రతి ఇసుక రేణువుకూ పట్టుకుంటుంది. ఆర్సెనిక్‌కు తుప్పంటే మహా ఇష్టం, నీళ్లలో తిరగడం మాని దాని మీదే అతుక్కుని కూర్చుంటుంది. అలా కూర్చున్నంత కాలం ఎవరికీ హాని లేదు.

చాలామంది అనుకునేదానికి భిన్నంగా అక్కడి మట్టిలో ఆర్సెనిక్ ఏమంత ఎక్కువ లేదు. కిలో ఇసుకలో కొద్ది మిల్లీగ్రాములు, మామూలు నేలల్లో ఎక్కడైనా ఉండేంతే. కానీ ఒక లెక్క చూడండి. భూమి అడుగున ఇసుక సందుల్లో ఉన్న ఒక్క లీటరు నీటి చుట్టూ దాదాపు ఆరేడు కిలోల ఇసుక ఉంటుంది. కిలోకు మూడు మిల్లీగ్రాముల చొప్పున వేసుకుంటే మొత్తం ఇరవై మిల్లీగ్రాములు. అందులో నూటికి ఒక్క వంతు ఊడి నీళ్లలో కలిసిందంటే లీటరుకు 200 మైక్రోగ్రాములు (మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు). మన దేశపు ప్రమాణమూ ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దూ 10 మైక్రోగ్రాములే. అంటే ఒక్క శాతం ఊడితే హద్దుకు ఇరవై రెట్లు. అందువల్ల మట్టిలో ఎంత ఉందన్న ప్రశ్నతో ప్రయోజనం లేదు. ఉన్నదాన్ని పట్టుకుని ఉన్న తుప్పు క్షేమంగా ఉందా లేదా అన్నదే తేల్చుకోవాలి.

ఆ తుప్పును కరిగించేవి బాక్టీరియా. ఒండ్రుతోపాటు కుళ్లిన ఆకులు, రెల్లు, బురద కూడా భూమిలో పూడుకుపోయాయి. అది వాటికి తిండి. తిండి తినాలంటే ఆక్సిజన్ కావాలి. అది అయిపోతే నైట్రేట్‌తో సరిపెట్టుకుంటాయి, అదీ అయిపోతే మాంగనీస్, ఆ తర్వాత ఇనుపతుప్పు. తుప్పు వంతు వచ్చినప్పుడు అది నీళ్లలో కరిగే ఇనుముగా మారిపోతుంది, దాని మీదున్న ఆర్సెనిక్‌కు కూర్చునే చోటు పోతుంది. పైగా ఆ గాలి లేని చోట ఆర్సెనిక్ కూడా రూపు మార్చుకుని, విద్యుదావేశం లేని, దేనికీ సరిగా అంటని రకంగా తయారవుతుంది. పశ్చిమ బెంగాల్ నుంచి తెచ్చిన మట్టితో మాంచెస్టర్ శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో ఈ పని బాక్టీరియాదేనని 2004లో చూపించారు.

బోర్లు ఎక్కువై నీటిమట్టం పడిపోయి, అడుగున ఉన్న ఖనిజాలకు గాలి తగలడం వల్ల ఆర్సెనిక్ వస్తోందని మొదట్లో గట్టిగా వాదించినవాళ్లున్నారు. అదే నిజమైతే ఆ నీళ్లలో సల్ఫేటు బాగా ఉండాలి. ఆర్సెనిక్ ఎక్కువున్న బోర్లలో అది దాదాపు ఉండదు, కరిగిన ఇనుము మాత్రం పుష్కలంగా ఉంటుంది. మీ బిందె అడుగు మడ్డి బాక్టీరియా కథకే సాక్ష్యం. గాలి లేని లోతులో కరిగి తేటగా ఉన్న ఇనుము బయటి గాలి తగిలి మళ్లీ తుప్పు అయి అడుక్కి దిగుతోంది. టీ నల్లబడేది కూడా ఇనుము వల్లే, టీ ఆకులోని వగరుతో కలిసి. ఆర్సెనిక్‌కు రంగూ రుచీ వాసనా ఏవీ ఉండవు.

మరి బాక్టీరియాకు అంత తిండి ఎక్కడిది? పాత బురదపొరలదని కొందరు, చెరువుల్లో కుంటల్లో ఊరిన నీళ్లు పొలాల బోర్లు తోడేకొద్దీ కిందికి దిగి కొత్త తిండి తీసుకెళ్తున్నాయని మరికొందరు వాదించుకుంటూనే ఉన్నారు. బంగ్లాదేశ్‌లోని మున్షీగంజ్‌లో చార్లెస్ హార్వే బృందం 2002లో ఈ రెండో సంగతి పైకి తెచ్చింది. నన్నడిగితే చోటును బట్టి రెండూ నిజమే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ఆ యాభై అడుగుల తేడా. దీనికి ఇరవై వేల ఏళ్లు వెనక్కి పోవాలి. అప్పుడు మంచుయుగం. సముద్రమట్టం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు కిందికి ఉండేది. నదులు ఆ మట్టానికి దిగడానికి నేలను లోతుగా కోసుకుంటూ లోయలు చేసుకున్నాయి. లోయలకు మధ్య మిగిలిన మెట్టనేల వేల ఏళ్లు ఎండకూ వానకూ గాలికీ మాగింది. దాని ఇసుక ఎర్రగా, గోధుమరంగుగా అయింది, పైన గట్టి బంకమన్ను పొర కట్టింది. తర్వాత మంచు కరిగి సముద్రం పెరిగింది. లోయలు కొత్త ఒండ్రుతో, దానితోపాటు కుళ్లుతో పూడిపోయాయి. ఈ కొత్త ఇసుక బూడిదరంగు. చివరకు అంతా ఒకే మట్టానికి చదునైపోయింది. పైనుంచి చూస్తే వరిపొలం, అరటితోట, మీ వీధి, అంతా ఒకటే. కింద మాత్రం ఒక ఇల్లు పాత లోయ మీద, ఇంకొకటి పాత మెట్ట మీద ఉండొచ్చు. పూడుకుపోయిన నదిమలుపు అంచు మీ ప్రహరీగోడ కింది నుంచే పోతూ ఉండొచ్చు. అంచు మాట అలా ఉంచినా, ఒకే చోట 90 అడుగుల దగ్గర బూడిదరంగు ఇసుక తగిలి, ఇంకో ముప్పై అడుగులు దిగితే గోధుమరంగు తగలడం కూడా మామూలే. అందుకే పక్కింటివాళ్ల ఫలితాన్ని చూసి మీ బోరు గురించి ఏమీ చెప్పలేం. వాళ్ల పైపు ఎంత లోతుకు దిగిందో కనుక్కోండి. 90 అడుగులు కాదని తేలితే నాకేమీ ఆశ్చర్యం ఉండదు.

అక్కడ బోరు వేయడం ఎప్పుడైనా చూడండి, యంత్రం అక్కర్లేని పని. కిందనున్నవాళ్లు వెదురు మీటతో ఇనుప పైపును ఎత్తి దించుతుంటే, పరంజా మీద కూర్చున్న మనిషి పైపు మూతిని అరచేత్తో మూస్తూ తెరుస్తూ ఉంటాడు. ఒక్కో ఊపుకూ బురదనీళ్లతోపాటు అడుగున ఉన్న ఇసుక పైకి చిమ్ముతుంది. అనుభవమున్న మేస్త్రీలు ఆ ఇసుక రంగు చూసి ఎక్కడ ఆపాలో చెప్తారు. బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతంలో శాస్త్రవేత్తలు ఈ రంగు పద్ధతిని బోరు బోరుకూ పరీక్షించి చూస్తే ఎర్ర ఇసుకలో ఆపిన బోర్లలో దాదాపు అన్నిటా ఆర్సెనిక్ తక్కువే ఉంది, నల్లని ఇసుకలో ఆపినవాటిలో ఎక్కువ. ఎర్ర ఇసుక అంటే తుప్పు ఇంకా క్షేమంగా ఉన్నట్టు, ఆర్సెనిక్‌ను పట్టి ఉంచినట్టు.

బోరు వేసేటప్పుడు మీరు అక్కడ లేరు కాబట్టి పంపు చుట్టూ ఉన్న గచ్చు చూడండి. ఇటుకరంగు తుప్పు మరకలుంటే అడుగున బాక్టీరియా పని ఇనుము దాకా వచ్చిందని అర్థం, ఆర్సెనిక్ అనుమానం బలపడుతుంది. మరకలు నల్లగా ఉంటే మాంగనీస్. పని ఇంకా ఆ మెట్టు మీదే ఉందన్నమాట, అలాంటి బోర్లలో ఆర్సెనిక్ సాధారణంగా తక్కువ. అయితే మాంగనీస్ ఎక్కువైనా పిల్లలకు మంచిది కాదు, పక్కింటి గచ్చు నల్లగా ఉంటే దానికీ పరీక్ష చేయించాలి. ఈ మరకల పరీక్ష అనుమానానికే. నిర్ణయానికి మాత్రం ప్రయోగశాల కావాలి.

అక్కడొక మెలిక ఉంది. నీళ్లసీసా నింపి మర్నాడు తీరిగ్గా పట్టుకెళ్తే పరీక్ష పాడైపోయినట్టే. రాత్రంతా సీసాలో ఇనుము తుప్పుగా మారి అడుక్కి దిగుతుంది, దిగుతూ ఆర్సెనిక్‌ను కూడా పట్టుకుపోతుంది. పైన తేట నీళ్లను పరీక్షిస్తే ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. అందుకే ప్రయోగశాలవాళ్లు ఇచ్చే, కొన్ని చుక్కల ఆమ్లం వేసిన సీసాలోనే పట్టాలి. ముందు కొన్ని నిమిషాలు పంపు కొట్టి, పైపులో నిలవున్న నీళ్లు పోయాక నింపండి. పబ్లిక్ హెల్త్ ఇంజనీరింగ్ శాఖ, అక్కడివాళ్ల భాషలో పి.హెచ్.ఇ., ప్రయోగశాలల్లో ఈ పరీక్ష చేస్తారు. కాగితం పసుపురంగుకు మారడం చూసి చెప్పే కిట్లు కూడా దొరుకుతాయి. 200 ఉన్నదాన్ని అవి పట్టేస్తాయి కానీ 10కి అటూ ఇటూ ఉన్నప్పుడు నమ్మలేం. మీ పంపుకూ పక్కింటి బోరుకూ ఒకేరోజు చేయించండి. వాళ్ల పరీక్ష ఎప్పటిదో, అప్పుడు ఏ హద్దు ప్రకారం బాగుందన్నారో మీ ఉత్తరంలో లేదు. బెంగాల్‌లో చాలాకాలం 50 దాకా సరే అన్నారు, బంగ్లాదేశ్‌లో ఇప్పటికీ హద్దు 50.

లోతు సంగతికొస్తే, కనిగిరి అనుభవాన్ని చాక్‌దహాకు తీసుకెళ్లకండి. 1937లో మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదటిసారి వైద్యలోకానికి తెలిపింది మీ ప్రాంతం నుంచే, అప్పుడది నెల్లూరు జిల్లాలో ఉండేది. మీ దగ్గర గ్రానైట్ రాయి. పగుళ్లలో నీళ్లు ఎంతకాలం ఉంటే అంత ఫ్లోరైడ్ రాతిలోంచి ఊరుతుంది, అందుకే తరచుగా లోతుకు పోయేకొద్దీ పెరుగుతుంది. గంగ డెల్టాలో రాయే తగలదు, వందల అడుగుల దాకా ఒండ్రే. అక్కడ మొత్తం మీద లోతు బోరు మేలు. 2001లో వెలువడిన బంగ్లాదేశ్ దేశవ్యాప్త సర్వేలో 150 మీటర్ల లోపు బోర్లలో నూటికి 27 వాటిలో 50కి పైన ఆర్సెనిక్ ఉంటే, అంతకన్నా లోతువాటిలో నూటికి ఒకటి. అలాగని నదియాలో లోతును గుడ్డిగా నమ్మలేం. పైపొరకూ కిందిపొరకూ మధ్య బంకమన్ను అన్నిచోట్లా పరుచుకుని లేదు. 150 మీటర్లంటే దాదాపు 500 అడుగులు, అద్దె ఇంటాయన మీ మాట విని వేయించే బోరు కాదది. ఆ బేరానికి దిగవద్దనే నా సలహా.

దానికన్నా దగ్గర్లో మంచి నీళ్లు వెతుక్కోవడం తేలిక. బంగ్లాదేశ్‌లోని ఆరైహజార్‌లో దాదాపు 5,000 బోర్లు పరీక్షిస్తే ఇంచుమించు సగం చెడ్డవని తేలింది. అయినా అక్కడి జనంలో నూటికి 90 మందికి ఇంటి నుంచి 100 మీటర్ల దూరం లోపే మంచి బోరు ఉంది. ఈ ఎగుడుదిగుడు మిమ్మల్ని భయపెట్టింది కానీ నిజానికి అది మీకు కలిసొచ్చేదే. నదియా, ఉత్తర 24 పరగణాల్లో హుగ్లీ నది నీటిని శుద్ధి చేసి గొట్టాల్లో పంపే పథకాలున్నాయి, మీ వీధికి ఆ కుళాయి ఉందేమో వాకబు చేయండి. లేకపోతే, పరీక్షలో నెగ్గితే, పక్కింటి బౌదీని (బెంగాలీలో వదినగారు) రోజూ రెండు బిందెలు అడగండి. మొహమాటం వద్దు, అక్కడ ఈ అడగడాలు మామూలే.

పక్కింటి బోరులోకి విషం పాకుతుందా? పాకొచ్చు, కానీ నీటితో సమానంగా పరిగెత్తదు. వియత్నాంలో హనోయ్ పక్కన వాన్ ఫుక్ అని ఒక ఊరుంది. హనోయ్ నగరం దశాబ్దాలుగా భూగర్భజలం తోడటంతో ఆ ఊరి కింద నీళ్లు దారి మార్చుకుని బూడిదరంగు ఇసుక నుంచి గోధుమరంగు ఇసుకలోకి ప్రవహించసాగాయి. అచ్చం మీరు భయపడే పరిస్థితే. 2013లో అలెక్జాండర్ వాన్ గీన్ బృందం కొలిచి చూస్తే ఆర్సెనిక్ మంచి ఇసుకలోకి చొరబడింది 120 మీటర్లు. నీరు దానికి 16 నుంచి 20 రెట్ల దూరం పోయింది. దారిలో ప్రతి రేణువు మీదా ఆర్సెనిక్ అతుక్కుంటూ ఊడుతూ పోవడం వల్ల ఆ వెనకబాటు. బంగ్లాదేశ్‌లో మేఘనా ఒడ్డున ఇంకొక వింత చూశారు. నదిలోకి ఊరే భూగర్భజలానికి ఒడ్డున గాలి తగులుతుంది, అందులోని ఇనుము అక్కడే తుప్పు తేరి, ఆర్సెనిక్‌ను నదిలోకి పోనివ్వకుండా ఇసుకలో పోగుచేస్తుంది. మళ్లీ గాలి అందకుండా పోతే ఆ పోగు మళ్లీ కరగొచ్చు. కాబట్టి పక్కింటి బోరు రాత్రికి రాత్రి చెడిపోదు, ఎప్పటికీ చెడదనీ కాదు. ఏడాదికోసారి పరీక్ష చాలు. దగ్గర్లో కొత్తగా పెద్ద మోటారు బోరు పడిందంటే మాత్రం ఆర్నెల్లకే చేయించండి.

ఇసుక ఫిల్టరు పెట్టుకోమని ఎవరో ఒకరు మీకు చెప్తారు. అది బూటకం కాదు. బిందెలో జరిగే పనే డ్రమ్ములో జరుగుతుంది, ఇనుము తుప్పై ఆర్సెనిక్‌ను పట్టుకుంటుంది, ఇసుక ఆ తుప్పును ఆపుతుంది. ఇనుము ఎక్కువున్న నీళ్లయితే ఇంకా బాగా పనిచేస్తుంది. వియత్నాం ఇళ్లలో ఇలాంటివి సగటున నూటికి 80 వంతులు తీసేశాయి. 200లో 80 శాతం పోతే 40 మిగులుతుంది, హద్దుకు నాలుగు రెట్లు. పాపకు ఆ నీళ్లు పట్టమని నేనైతే చెప్పను. ఆర్వో మెషిన్ కొనేటట్టయితే ఒక సంగతి. విద్యుదావేశం లేని ఆ రకం ఆర్సెనిక్‌ను ఆర్వో పొర పూర్తిగా ఆపలేదు. ఏ ఫిల్టరైనా, దాని కింద పట్టిన నీళ్లను పరీక్షించాకే తాగండి.

వంట గురించి మీరు అడగలేదు గానీ మీ ఆవిడకు చెప్పండి. ఆర్సెనిక్ నీళ్లతో అన్నం ఎసరు ఇగిరేలా వండితే అదంతా మెతుకుల్లోకే పోతుంది. బోరు నీళ్లతో పండిన వరిలో కొంత ముందే ఉంటుంది కూడా. మంచి నీళ్లతో బియ్యం బాగా కడిగి, ఎక్కువ నీళ్లు పోసి, ఉడికాక గంజి వార్చేయండి. మన అమ్మమ్మల పద్ధతే. ఆ గంజి మాత్రం తాగకుండా పారబోయండి.

ఇంటాయన దగ్గర ఇసుక ఫిల్టరు ముందే ఉంటే, కడిగినప్పుడు వచ్చే ఎర్రమడ్డి ఎక్కడ పోస్తున్నారో చూడండి. చెరువులోకో పేడగుంటలోకో పోస్తే అక్కడ కుళ్లూ ఉంది, గాలీ ఉండదు. భూమిలో జరిగిందే అక్కడా జరిగి ఆర్సెనిక్ మళ్లీ నీళ్లలోకి వస్తుంది. నీళ్లు నిలవని మెట్టచోట, బావికీ చెరువుకూ దూరంగా గుంట తీసి అందులో వేయించండి.